పడని వస్తువులతో కాపురము

మన భాషలో ‘పడదు’ అను చిన్న మాట యొకటి కలదు. “ఈ ఊరి నీళ్లు మా పిల్లకు పడలేదు” అందుము. “వంకాయ నాకు పడదు” అందుము. “ఆ తోడికోడండ్లకు ఒకరంటే ఒకరికి పడదు” అని కూడ అందుము. నీటికి, కూరకు, మనుష్యులకు అదే మాట. సంగారెడ్డి నుండి నాందేడునకు పోవు పెద్దబాట మీద నున్న మా పిట్లము వంటి ఊరిలో తెలుగుతోపాటు మరాఠీ, కన్నడము, ఉర్దూ కూడ చెవిని పడుచుండును. ఎవరి భాష ఏదైనను, విందులో విస్తరి ముందు కూర్చుండి ఏదో యొక వంటకమును చేతితో వారించువారు ప్రతి ఇంటను ఒకరుందురు. వారి విషయమున మనము సాధారణముగా చేయు పనులు రెండు. నవ్వి, “ఒక్క ముద్ద తింటే ఏమైతది వదినా?” అని బలవంతము చేయుట ఒకటి. భయపడి, వారికి ఇష్టమైన నాలుగు పదార్థములు కూడ మాన్పించి చారన్నముతో సరిపెట్టుట రెండవది. ఈ రెండును పొరపాటే. పడదన్నవారి మాట మొదట నమ్మవలెను. నమ్మిన పిమ్మట, పడనిది నిజముగా ఏదియో ఓపికతో వెదకవలెను. నేటి ప్రసంగములో ఆ వెదకుటను గూర్చియే చెప్పదలచితిమి.

వెదకుటకు ముందు ఆ చిన్న మాటలో ఇమిడియున్న వేర్వేరు సంగతులను విడదీయవలసి యున్నది. పోపులో ఎండుమిరపకాయ మాడినచో ఇంటిల్లిపాదియు దగ్గుదురు. అది అలర్జీ కాదు. ఆ ఘాటు ఎవరి గొంతునైనను గీరును. కందదుంప తరిగిన చేయి దురదపెట్టును. అదియును అలర్జీ కాదు; దుంపలో సూదులవంటి సన్నని స్ఫటికములున్నవి, అవి ఎవరి చర్మమునైనను గుచ్చును. పాలు త్రాగిన పెద్దలలో పలువురికి కడుపు ఉబ్బరించి విరేచనమగును. పాలలోని చక్కెరను అరిగించు రసము శైశవము గడచిన పిమ్మట అనేకులలో తగ్గిపోవుటయే దానికి కారణము. మన దక్షిణదేశమున అట్టివారు తక్కువ కాదు. వారికి పెరుగు, మజ్జిగ చాలవరకు సరిపోవును, ఏలయన పాలు తోడుకొనునపుడు ఆ చక్కెరలో కొంతభాగము తరుగును. కాని పాలలోని మాంసకృత్తుల వలన పసిబిడ్డకు ఒడలంతయు దద్దుర్లు లేచి పెదవులు ఉబ్బినచో అది అలర్జీ. ఆ బిడ్డకు మజ్జిగయు పనికిరాదు. ఈ ఇద్దరిని గూర్చియు ఇంటిలో మనము చెప్పునది ‘పాలు పడవు’ అనియే. మాట ఒకటే, చేయవలసినది మాత్రము వేరు.

అలర్జీ అను పదమును 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. గ్రీకు భాషలో దాని కర్థము ‘వేరువిధమైన చర్య’ అని. పదిమందికి ఏమియు చేయని వస్తువు పదునొకండవ వానికి మాత్రము చెరుపు చేయుటయే ఆ వేరువిధము. మన శరీరమునకు ఒక కావలిబలగము కలదు. ఊరి కావలివాడు దొంగను గుర్తుపట్టుట మంచిదే. కాని చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషిని దొంగ యని భ్రమించి, ఆ ముఖమును మనసున పెట్టుకొని, మరుసారి ఆయన పొలిమేరలో కనబడగనే ఊరినంతయు లేపి కర్రలతో పరుగెత్తించినచో నష్టము ఎవరి వలన? వచ్చినవాని వలన కాదు, ఆ అల్లరి వలన. “పదేండ్లుగా తింటిని, ఏమియు కాలేదు, ఇప్పుడెందుకైనది?” అని రోగులు తరచుగా అడుగు ప్రశ్నకు జవాబు ఇందులోనే యున్నది. గుర్తు పెట్టుకొనవలెనన్న ముందొక పరిచయముండవలెను గదా.

ఈ అల్లరి రెండు తీరులు. ఒకటి నిమిషములలో వచ్చును: దద్దుర్లు, తుమ్ములు, ఆయాసము. దీని వెనుకనున్న పదార్థమును జపానుకు చెందిన ఇషిజాకా దంపతులు అమెరికాలో పనిచేయుచు 1966లో వెల్లడించిరి. దానికి ఇమ్యునోగ్లోబులిన్-ఇ అని పేరు. రెండవది తాపీగా, ఒకటి రెండు దినముల పిమ్మట చర్మముపై బయటపడును. సోమవారము ముట్టినదానికి బుధవారము దురద వచ్చునన్నమాట. మధ్యలో మంగళవారము తిన్న వంకాయ మీద నేరము మోపబడును. మా ప్రాంతమున వంకాయకు వచ్చిన చెడ్డపేరులో ఎంతభాగము న్యాయమైనదో చెప్పలేము. మైసూరులోని పరిశోధకులు పరీక్షించి, కొందరికి వంకాయ నిజముగనే పడదని చూపిరి. కావున ఆ కూరను పూర్తిగా నిర్దోషి అనుటకు వీలులేదు. అయినను దానిపై మోపిన నేరములన్నియు దానివి కావు.

ఇక పొలముగట్టునకు పోదము. మంజీరకు ఇరువైపుల మా నేల చాలవరకు నల్లరేగడి. కంది, సోయా, పెసలు, మినుములు, పత్తి, జొన్న పండును. నిజాంసాగరు నీరు పారు చోట వరి పండును. తొలకరి జల్లు పడగనే ఈ పైరులకంటె ముందు, ఎవరును విత్తకయే లేచునది వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి యనియు అందురు. ఆకు చూచిన క్యారెట్టు ఆకువలె నుండును. తలనిండ తెల్లని చిన్న పూలు పూయును. పేరు విన్న ఏదో అలంకారపు మొక్క అనుకొందుము. మెక్సికో మొదలగు అమెరికా దేశములు దాని పుట్టిల్లు. పూనా నగరమున అది పెరుగుచున్నట్లు 1956లో మన వృక్షశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దిగుమతియైన గోధుమలతో గింజలు కలసి వచ్చియుండునని పలువురి అభిప్రాయము. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. బాట ప్రక్కల, పడావుపడిన చెలకలలో, బడి ఆవరణములలో, గుడి వెనుక, ఎచ్చట చూచినను అదియే. ఆకలిగొన్న పశువు కూడ దానిని సాధారణముగా ముట్టదు.

ఆ మొక్క ఆకులపై, కాండముపై నుండు సన్నని నూగులోను, పుప్పొడిలోను పార్థెనిన్ అను చేదుపదార్థము కలదు. మొక్కను పీకునపుడే కాక, అది ఎండి పొడియై గాలిలో ఎగిరినపుడు కూడ ఆ పదార్థము మనుష్యుని చేరును. ఏండ్ల తరబడి ఆ గాలిలో పనిచేసిన రైతులలో కొందరికి, ముఖ్యముగా నడివయస్సు పురుషులకు, ఒకనాడు ముఖము ఎర్రబడి దురద ప్రారంభమగును. మేమెరిగిన యొక రైతు కథ ఇట్టిదే. మొదటి ఏడు వానకాలమున కనురెప్పలు వాచినవి; చలికాలమునకు తగ్గినవి. ఎండ తగిలినదనుకొనెను. రెండవ ఏడు మెడ మడతలు, మోచేతుల లోపలి మడతలు కూడ ఎక్కినవి. యూరియా చల్లుట వలన అని ఒకరనిరి. గుడ్లు మానుమని ఒకరు, పప్పు మానుమని ఇంకొకరు చెప్పిరి. మూడవ ఏటికి చలికాలమున కూడ తగ్గుటలేదు. నొసటి చర్మము తోలువలె మందమై ముడుతలు పడినది. పెండ్లిండ్లకు, పేరంటములకు పోవుట మానెను. కుష్ఠువేమో యని చాటున అనుకొనువారును లేకపోలేదు. ఆ మాట ఆయన చెవిని కూడ పడినది. దురద కంటె అదియే ఆయనను ఎక్కువ కుంగదీసెనని మా ఊహ.

ఎండ వలన వచ్చు కమలుడుకును, గాలిలోని పదార్థము వలన వచ్చు పొక్కును వేరుపరచుటకు ఒక తేలికైన గుర్తు కలదు. ఎండ నీడపట్టును చేరదు. గదుము క్రింద, చెవుల వెనుక, పైరెప్పల మడతలో ఎండ పడదు. గాలి మాత్రము అన్నిచోట్లకును పోవును. ఈ మరుగుచోట్లలో కూడ పొక్కినచో గాలిని అనుమానింపవలెను. అయితే వ్యాధి ముదిరిన పిమ్మట ఎండ కూడ ఓర్వరానిదగును, అప్పుడీ గుర్తు చెరిగిపోవును. కావున తొలినాళ్లలోనే చర్మవైద్యునికి చూపుట మేలు. వైద్యులు అనుమానమున్న పదార్థములను కొంచెము కొంచెముగా వీపున పట్టీలతో అంటించి, రెండు దినముల పిమ్మట విప్పి చూతురు. పై రైతుకు వంకాయతోగాని, పప్పుతోగాని ఏ తగాదాయు లేదని, తగాదా గట్టు మీది మొక్కతోనని తెలియుటకు నాలుగేండ్లు పట్టినది.

తెలిసిన పిమ్మట ఏమి చేయవలెను? “దానికి దూరముగా నుండుడు” అని చెప్పుట సులభము. చేను గట్టునుండి రైతు ఎచ్చటికి దూరము పోవును? కావున సాధ్యమైనంతలోనే చూచుకొనవలెను. పూర్తిచేతుల చొక్కా, మెడచుట్టు తువ్వాలు. పొలము నుండి రాగానే స్నానము. ఆ బట్టలను ఇంటిలోని బట్టలతో కలుపకుండ ఉతుకుట. మొక్కను పూతకు రాకముందే, వాన కురిసి నేల మెత్తగా నున్నపుడు, వేరుతో పీకవలెను. ఆ పని పడనివాడు చేయరాదు, ఇంటిలో ఇంకొకరు చేతితొడుగులు వేసికొని చేయవలెను. ఎండబెట్టి తగులబెట్టుట మరింత ప్రమాదము. మెక్సికో నుండి తెచ్చిన యొక పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. అది వయ్యారిభామ ఆకులను తిని బ్రతుకును. పలుచోట్ల వ్యాపించి కొంత మేలు చేసినది గాని ఆ పురుగుపై భారము వేసి కూర్చుండుటకు వీలులేదు. ఒక్క రైతు తన గట్టును శుభ్రము చేసికొన్నను ప్రక్కగట్టు గింజలు గాలికి వచ్చి పడును. ఊరుమ్మడిగా ఒక దినము పెట్టుకొని పీకిన గాని ఫలితము కనబడదు. అంగడిలో దొరకు పూతమందు నొకటి కొని నెలల తరబడి ముఖమునకు పూసికొనువారిని కూడ చూచితిమి. అందులోని స్టిరాయిడు మొదట మంత్రమువలె పనిచేయును, పిదప చర్మమును పలుచబరచి క్రొత్త బాధలు తెచ్చును. వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను.

ఇచ్చట మన ఆడుబిడ్డల పండుగ ఒకటి అడ్డు వచ్చుచున్నది. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు పూలు వయ్యారిభామకు కులపు చుట్టములు. వయ్యారిభామ పడనివారిలో కొందరికి చేమంతియు పడదు. బతుకమ్మ పేర్చునాడు ఇంటినిండ బంతులు, చేమంతులు పరచినచో అట్టివారికి ఆ రాత్రి నిద్రయుండదు. తంగేడు, గునుగు మాత్రము వేరు వంశములవి. బతుకమ్మకు అసలైన పూలు అవియే గదా! ఆ రెండింటితోను, గుమ్మడి పూలతోను పేర్చిన బతుకమ్మకు ఏ లోటును రాదు. నూరు పూలలో ఒక పూవును విడిచిపెట్టుట మానిపించుట కాదు.

ఇంటిలోని వస్తువులకు వత్తము. పసిబిడ్డలకు దిష్టి తగులకుండ మొలత్రాట నల్లజీడిగింజను కట్టు ఆచారము మన పల్లెలలో కలదు. ఆ గింజ రసముతోనే చాకలివారు పూర్వము బట్టలకు చెరగని గుర్తులు పెట్టెడివారు. ఆ రసము చర్మమునకు గట్టి శత్రువు. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమున విడిసిన విదేశ సైనికులకు మెడవెనుక, నడుమున వింత పొక్కులు రాగా, వైద్యులు వెదకి వెదకి చొక్కా మీది చాకలిగుర్తే కారణమని కనుగొనిరి. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబమువి. ఆవకాయ దినములలో పిల్లల మూతులు పొక్కుట మామిడిపండు దోషమని మనము అనుకొందుము గాని, అది చాలవరకు ముచ్చికనుండి కారు సొన చేయు పని. కాయను కడిగి, సొన కార్చి, తొక్కతీసి ముక్కలు పెట్టినచో అనేకులు సుఖముగా తినగలరు. ఏండ్లుగా మామిడి మాన్పించిన పిల్లవానికి ఇంతకంటె మంచివార్త ఏముండును? పండు తిన్నంతనే గొంతు వాచువారు అరుదుగా నుందురు. వారికి ఈ సలహా పనికిరాదు.

తలకు వేసికొను నల్లరంగులలో పారాఫినైలిన్ డయమిన్ అను రసాయనము తరచుగా నుండును. అది పడనివారికి మాడు, చెవులు, కనురెప్పలు విపరీతముగా వాచును. రంగు పెట్టె మీద చిన్న అక్షరములతో అచ్చువేసిన హెచ్చరికను చదువువారు అరుదు: రెండు దినముల ముందు చెవి వెనుక చుక్క పెట్టి చూడుమని అందులో నుండును. ఒకసారి వాచినవారు ఆ పరీక్ష కూడ చేయరాదు, రంగునే మానవలెను. ఎర్రగా పండు శుద్ధమైన గోరింటాకు అరుదుగా గాని చెరుపు చేయదు. త్వరగా నల్లగా పండుటకై కలుపు రంగుతోనే చిక్కు. గిల్టు కమ్మలలోని నికెలు చెవితమ్మెలను, ప్యాంటు గుండీలోని నికెలు బొడ్డు క్రిందను పుండ్లు చేయును. అంటించు బొట్టుబిళ్లల బంకలోని యొక రసాయనము కొందరి నొసట తెల్లమచ్చ తెచ్చును. అది కనబడగనే ఇంటివారు “బొల్లి వచ్చింది, ఇక పిల్లకు సంబంధాలు రావు” అని బెంబేలు పడుదురు. బిళ్ల అంటించిన మేరకే మచ్చ యున్నచో బిళ్లను మాని వైద్యునికి చూపుడు, ముందుగనే ఏడ్వకుడు.

బీడీల సంగతి చెప్పక మా ప్రాంతపు ప్రసంగము పూర్తికాదు. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల పల్లెలలో చాట ఒడిలో పెట్టుకొని తునికాకులో తంబాకు చుట్టు స్త్రీలు వేలకొలది యున్నారు. ఆ తంబాకు నలుసుకు దగ్గు, తుమ్ములు, ఆయాసము వచ్చును. కొందరిలో అది అలర్జీ, పెక్కుమందిలో కేవలము ఘాటు వలని రాపిడి. ఇంకను కొందరికి ఉన్న ఉబ్బసము దాని వలన రేగును. “ఆ పని మానుము” అని చెప్పుటకు మాకు నోరాడదు, ఆ చాటతోనే ఇంటి ఖర్చులు గడచుచున్నవి. వంటింటిలోను, పడకగదిలోను గాక గాలివాటమున్న అరుగు మీద చుట్టుట; తంబాకును మూతగల డబ్బాలో నుంచుట; ముక్కునకు బట్ట కట్టుకొనుట; చంటిపిల్లలను ప్రక్కను పడుకొనబెట్టకుండుట — ఈ మాత్రము చేసినను కొంత మేలు. ఇదేవిధముగా కంది, సోయా నూర్పిళ్ల ధూళియు, పాత బొంతలలో నుండు కంటికానని పురుగులును ఉబ్బసమును రేపును. బొంతలను వేడినీట ఉతికి, మండుటెండలో ఆరవేయుట మన పూర్వుల పద్ధతియే.

ఉబ్బసమునకు మృగశిరకార్తె నాడు హైదరాబాదులో బత్తిన వారు కొరమీను పిల్లతో ఇచ్చు మందు దేశమంతట ప్రసిద్ధము. అది 1845 నుండి తమ వంశమున సాగుచున్నదని వారందురు. వైద్యశాస్త్రరీత్యా దానికి నిరూపణ లేదు. నమ్మి పోవువారిని మేము వారింపబోము. కాని ఆ మందు మ్రింగితిమని, వైద్యుడిచ్చిన పీల్చుమందును మూలబెట్టకుడు. చేప పడనివారు ఆ వరుసలో నిలువనే రాదు. పీల్చుమందనగా ‘చివరి మందు’ అనియు, ఒకసారి మొదలిడిన విడువదనియు ఒక అపోహ ఊరూర పాతుకొని యున్నది. నిజమునకు అది చిన్న మోతాదు. నేరుగా ఊపిరితిత్తులకు పోవును, గోలీలవలె ఒడలంతయు తిరుగదు.

రక్తపరీక్ష కాగితములో ఈసినోఫిలులు ఎక్కువని వ్రాసియున్నచో “నాకు ఈసినోఫిలియా, అనగా అలర్జీ” అని మనవారు తీర్మానించుకొందురు. ఆ కణములు అలర్జీలోను పెరుగును, కడుపులో నులిపురుగులున్నను పెరుగును, బోదకాలు పురుగు ప్రభావమునను పెరుగును. ఈ కడపటి దానివలన రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు వచ్చి అచ్చము ఉబ్బసమువలె నుండును. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానికి ఉష్ణదేశపు ఈసినోఫిలియా అని పేరు పెట్టెను. దానికి వాడు హెట్రజాన్ మందు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో నడపిన కృషి ఫలితముగా 1947లో వెలువడినది. అలర్జీ యనుకొని ఏండ్లు గడపిన దగ్గు కొన్ని వారముల మందుతో కుదురుట అసంభవము కాదు. కావున ఆ కాగితమును మనమే చదివి తీర్పు చెప్పుకొనరాదు.

ఆహారములో నిజమైన అలర్జీ కలిగించునవి పాలు, గుడ్లు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, నువ్వులు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా. మన దేశమున శనగపప్పు కూడ. నాలుగైదు తప్ప ఇవన్నియు మన వంటింటి నిత్యవస్తువులు, పైగా దాగియుండును. పచ్చిపులుసులో నువ్వులపొడి, కూర చిక్కదనమునకు పల్లీల పొడి, బజ్జీలలో శనగపిండి, వడ్డించు గరిటె ఒక గిన్నె నుండి ఇంకొక గిన్నెకు పోవుట — పడనివారు ఎంత జాగ్రత్తపడినను వండినవారు చెప్పనిదే తెలియదు. అంగడి పొట్లముల మీద పాలు, గుడ్లు, వేరుశనగ, సోయా మొదలగువానిని ప్రకటింపవలెనని 2020 నాటి ఆహారభద్రతా నిబంధనలు విధించినవి. ఆ జాబితాలో నువ్వుల పేరు చేరలేదు, కావున నువ్వులు పడనివారు పదార్థముల పట్టికనంతయు చదువవలసినదే. పెండ్లి వంటలకు పట్టిక ఎచ్చటిది? వంటవారిని అడుగవలెను, అడిగినవారిని ‘నఖరాలు’ అనకుండ జవాబు చెప్పవలెను.

పిల్లల విషయమున వైద్యుల సలహాయే ఒకప్పటికి ఇప్పటికి మారినది. భయమున్న పదార్థములను ఏండ్ల తరబడి పెట్టకుడని పూర్వము చెప్పెడివారు. లండనులో 640 మంది పసిపిల్లలపై జరిపిన పరిశోధన ఫలితములు 2015లో వెలువడినవి. తొలి సంవత్సరముననే వేరుశనగను తగిన రూపమున రుచి చూపిన పిల్లలలో ఆ అలర్జీ చాల తగ్గినది. దూరముగా నుంచిన పిల్లలలోనే ఎక్కువగా వచ్చినది. మన అన్నప్రాశనము కూడ ఆరవ మాసముననే గదా! అయితే ఒళ్లంతయు తీవ్రమైన తామరయున్న బిడ్డకును, గుడ్డు పడని బిడ్డకును వైద్యుని అడిగియే పెట్టవలెను. పల్లీలు పలుకులుగా పెట్టిన గొంతున అడ్డుపడును. మెత్తగా నూరి, గంజిలోనో అంబలిలోనో కలుపవలెను.

వెదకుటకు కావలసిన పనిముట్టు ఒక చిన్న నోటు పుస్తకము. ఏనాడు, ఏ గంటకు, ఏమి తింటిమి, ఏమి పూసికొంటిమి, ఎచ్చటికి పోతిమి, ఎంతసేపటికి బాధ వచ్చినది — ఇది ఒక నెల వ్రాసిన వైద్యునికి సగము పని తేలిక. మేము చూచిన యొక బాలికకు మేనత్త పెరుగు మాన్పించినది, నాయనమ్మ పప్పు మాన్పించినది, పొరుగింటామె అరటిపండు మాన్పించినది. ఆ పిల్ల బక్కచిక్కినదే గాని దద్దుర్లు పోలేదు. ఒకేసారి పది మానినచో ఏది దోషియో తేలదు. ఒకటి మాని, కొన్ని వారములు చూచి, తిరిగి పెట్టి చూడవలెను. తీవ్రమైన బాధ కలిగించిన దానిని మాత్రము ఇంటిలో తిరిగి పరీక్షింపరాదు. అది వైద్యశాలలో చేయవలసిన పని. వందలకొలది పదార్థముల పేర్లతో రక్తపరీక్షలు చేయించుకొని, కాగితము నిండ ఎర్రగీతలు చూచి అన్నము మానినవారున్నారు. పరీక్షలో గుర్తు కనబడినంత మాత్రమున ఆ పదార్థము పడదని కాదు; తిన్నపుడు బాధ కలిగినదా అనునదే ప్రధానము.

మందుల విషయము ప్రత్యేకము. పెనిసిలిను, సల్ఫా, నొప్పిగోలీలు కొందరికి పడవు. “ఏ మందు పడలేదమ్మా?” అని వైద్యుడు అడిగిన, “ఏదో ఎర్ర గోలీ సారూ” అని జవాబు. ఆ పేరును ఒక చీటీ మీద వ్రాయించి ఆధారు కార్డు వెనుక అంటించి పెట్టుకొనుడు.

ప్రాణము మీదికి వచ్చు సందర్భము నొకదానిని చెప్పి ముగింతుము. పడని ఆహారము తిన్న పిమ్మట, సూదిమందు వేసిన పిమ్మట, తేనెటీగ లేక కందిరీగ కుట్టిన పిమ్మట, నిమిషములలో ఒళ్లంతయు దద్దుర్లు లేచి, దానితోపాటు గొంతు బిగిసి, గొంతుక మారి, ఆయాసమో వాంతులో వచ్చి, కన్నులు చీకట్లు క్రమ్మినచో అది మామూలు దద్దురు కాదు. అలర్జీ గోలీ ఒకటి వేసి పండుకొనబెట్టి చూతమనుట ప్రమాదము. దానికి మందు అడ్రినలిను. తొడకండరమున సూదితో వెంటనే ఇయ్యవలెను. 2005లో మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనమును పిలువవలెను, ఊరిలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రము దగ్గరైన అచ్చటికే పోవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను, ఊపిరి ఆడనివానిని కూర్చుండబెట్టవచ్చును, లేపి నడిపింపరాదు. బాధ తగ్గిన పిమ్మట కూడ కొన్ని గంటలు వైద్యుల కనుసన్నలలోనే యుండవలెను, ఏలయన అది మరల తిరుగబెట్టవచ్చును.

మేమెరిగిన ఒక ఇంట నువ్వులు పడని కోడలు కలదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన ఏడు సంక్రాంతికి, “సకినం తినని పిల్ల ఎక్కడన్న ఉంటదా?” అని అత్తగారు నవ్వుచు నోటికందించినది. ఆ సాయంకాలమే ఆమెను ఆయాసముతో బాన్సువాడకు తీసికొనిపోవలసి వచ్చెను. ఇప్పుడా ఇంటిలో పండుగ పిండి తడిపినపుడు మొదటి వాయికి వాము మాత్రము వేయుదురు. క్రొత్త నూనె పోసి, కడిగిన మూకుడులో అవి కాల్చి, వేరు డబ్బాలో నింపి, మూత మీద అత్తగారే సుద్దతో గుండ్రముగా ఒక గుర్తు పెట్టును. మిగిలిన పిండిలో నువ్వులు పడునది ఆ పిమ్మటనే.